చీకట్లో అక్క చేయి

పొద్దు వాలిందంటే నాకు లోకం మూతపడుతుంది. రేచీకటి. పుట్టుకతో వచ్చింది, పోయేదాకా ఉంటుందని కళ్ల డాక్టరు చిన్నప్పుడే చెప్పేశాడు. పగలైతే మా కుట్టు షాపులో నాకంటే వేగంగా సూదిలో దారం ఎక్కించేవాళ్లు లేరు. దీపం ఆరితే మాత్రం గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. అందుకే చీకటి పడ్డాక షాపు వెనక తలుపు దగ్గర నిలబడతాను. అక్క వచ్చి చేయి పట్టుకుంటుంది. ఇంటికి నడుస్తాం. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

దారిలో మాట్లాడకూడదని మాకో నియమం. చిన్నప్పుడు కబుర్లలో పడి ఇద్దరం కలిసి కాలువలో పడ్డాం. నా ముందు పన్ను ఒకటి ఇప్పటికీ అందులోనే ఉంది. అప్పటినుంచి నోళ్లు కట్టేసుకుని చేతులతోనే మాట్లాడుకుంటాం. ఒక నొక్కు నొక్కితే మెట్టు ఉందని. రెండు నొక్కితే ఆగమని. పగలంతా వాగుడుకాయనైన నేను ఆ దారి పొడవునా మూగదాన్ని. అక్క చేయి ఉండగా నాకు వేరే కళ్లెందుకు అనుకునేదాన్ని.

ఈ మధ్య ఆ దారి మారింది. ఒక మలుపు ఎక్కువ తిరుగుతున్నాం. తిరిగాక ఎక్కడో ఆగుతున్నాం. పాచి వాసన వస్తుంది, నీళ్లు రాతికి తగిలే చప్పుడు వినిపిస్తుంది. ఒక నొక్కు పడుతుంది, నేనొక మెట్టు దిగుతాను. కాసేపు నిలబడి మళ్లీ వెనక్కి. ఇంటికొచ్చి చూసుకుంటే చెప్పులు తడి. మొదట్లో అట్టలు మాత్రమే తడిసేవి, తర్వాత మడమలు, ఇప్పుడు చీలమండల దాకా. అడిగితే అక్క, దారిలో నీళ్లు నిలిచాయేమో అనేసి, పొయ్యి వైపు తిరిగిపోయింది.

నేనేమనుకున్నానంటే, అక్కకు ఎవరో దొరికారని. గుడ్డి చెల్లెల్ని పక్కన నిలబెట్టుకుని కాలువ అవతలి ఒడ్డుకు సైగలు చేస్తోందని. దొరికితే నాకు సంతోషమే. తోడబుట్టినదానికి చెప్పకుండా దాచడమే మండింది. సరే, నువ్వు చెప్పకపోతే నేనే చూస్తాను అనుకున్నాను.

మా షాపుకు రెండు గుమ్మాల అవతల కెమెరాలు అమ్మే ఆయన ఉన్నాడు. చీకట్లో చూసే పరికరాలు కూడా ఆయన దగ్గర దొరుకుతాయి. సొంతానికా అని అడిగి, పెళ్లిళ్ల పేరయ్యలా మూడింటిని వరసగా బల్ల మీద పెట్టి ఒక్కోదాని గుణగణాలు చెప్పాడు. మొదటిది చుక్కల వెలుతురునే పోగుచేసి పెద్దది చేస్తుందట. దాని ధర వినగానే జాగ్రత్తగా కింద పెట్టేశాను. రెండోది మన కంటికి ఆనని కాంతిని తనే వదిలి, అది దేనిమీద పడిందో చిన్న తెర మీద చూపిస్తుంది. మూడోది వేడిని మాత్రమే చూస్తుంది. మనిషి తెల్లగా మండుతున్నట్టు ఉంటాడు, చల్లటివన్నీ నల్లగా. ఆయన గోడకు అరచేయి ఆనించి తీసి, ఇప్పుడు చూడమన్నాడు. చేయి తీసేసిన చోట తెల్లటి చేయి అలాగే ఉంది, మెల్లగా మాసిపోతూ.

"నడవడానికైతే రెండోదమ్మా. గుంటా మెట్టూ తెలుస్తాయి. మూడోది ఎవరైనా దాక్కున్నారేమో వెతుక్కోవడానికి."

రెండూ తీసుకెళ్లి వాడి చూసి, నచ్చింది ఉంచుకోమన్నాడు. కళ్లు నెత్తికెక్కాయంటారు, నావి చేతిసంచిలోకి వచ్చాయి.

ఆ సాయంత్రం వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. మామూలుగానే నా ఎడమ చేతిలోకి చేయి వచ్చింది. పొడిగా, చల్లగా. కొన్నాళ్లుగా అక్క చేయి చల్లగానే ఉంటోంది. అంట్లు తోమి వస్తోంది కదా అనుకునేదాన్ని. నడక మొదలయ్యాక రెండో పరికరాన్ని కుడిచేత్తో తీసి కంటికి పెట్టుకున్నాను.

ఇన్నేళ్లు నడిచిన సందును చీకట్లో మొదటిసారి చూశాను. బూడిద రంగులో గోడలు, ఎవరింటి తీగ మీదో ఆరేసిన చొక్కాలు, చెత్తడబ్బా మీద మెరిసే కళ్లతో ఒక పిల్లి. అక్కకు చూపించాలనిపించింది. చిలిపిగా ఆమె వైపు తిప్పాను.

నా ఎడమ చేయి కనిపించింది. ముందుకు చాచి ఉంది. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి.

వాటి మధ్య ఏమీ లేదు.

పట్టు మాత్రం ఉంది... నా వేళ్ల మీద వేళ్లు ఉన్నాయి. బొటనవేలి గోరు నా చర్మానికి తగులుతోంది. దగ్గరివి ఇందులో కనపడవేమో అనుకున్నాను. కానీ నా చేయి, దాని మీది గాజుతో సహా కనిపిస్తోంది. పిల్లి మాత్రం నన్ను కాకుండా నా ముందున్న ఖాళీని చూస్తోంది. చూస్తూ చూస్తూ గోడ దూకి పారిపోయింది.

మలుపు తిరిగాం. పాచి వాసన. పరికరంలోంచి కిందికి చూశాను. రాతిమెట్లు... నీళ్లలోకి. నా కాళ్లు తడి మెట్టు మీద ఉన్నాయి. కింది మెట్టు నీళ్ల అడుగున ఉంది.

ఒక నొక్కు.

నేను దిగలేదు. మళ్లీ ఒక నొక్కు, మెత్తగా, చిన్నపిల్లను బుజ్జగించినట్టు. నేను కదల్లేదు. చాలాసేపటికి ఆ చేయి వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే నన్ను మా ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలింది.

లోపల దీపం వెలుగుతోంది. కాళ్లు చాపుకుని, ఒళ్లో కమలాపళ్ల పళ్లెం పెట్టుకుని, అక్క రేడియో వింటోంది. ఒలిచిన తొక్కలు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. అప్పుడే కూర్చున్న మనిషి కుప్ప కాదది.

నేను మూడో పరికరం తీసి నా ఎడమ చేతిని చూసుకున్నాను. తెల్లటి నా చేతి చుట్టూ నల్లగా నాలుగు వేళ్ల గుర్తులు, మెల్లగా మాసిపోతూ.

"ఎప్పటినుంచి నువ్వు రావట్లేదు?" అన్నాను.

అక్క రేడియో ఆపేసింది. దబాయిస్తుందనుకున్నాను, దబాయించలేదు. వానలప్పుడు ఒకరోజు ఆలస్యమైందట. పరిగెత్తుకుంటూ వస్తుంటే, సందులో నేను ఒంటరిగా ఎదురొస్తూ కనిపించానట. చేయి ముందుకు చాచుకుని, గుంటలు తప్పుకుంటూ, తడబడకుండా. పక్కనుంచి వెళ్లినా నాకు తెలియలేదట. క్షేమంగా ఇల్లు చేరానట. మర్నాడు కావాలనే ఆగి చూసిందట, అప్పుడూ చేరానట. ఆ తర్వాత రావడం మానేసింది.

"నాకు దారి అలవాటైపోయిందేమో అనుకున్నావా?"

"లేదు. అలవాటైనవాళ్లు వేళ్లు అలా వంచి నడవరు."

"మరి ఎవరని చూడలేదా?"

అక్క పళ్లెం పక్కన పెట్టింది.

"చూడలేదే. చూస్తే రోజూ నేను రావాల్సి వస్తుంది. నాకూ ఒక సాయంత్రం కావాలనిపించింది."

కంచే చేను మేసిందంటారు. మా కంచె చేను మేయలేదు, తలుపు తీసి పక్కకు తప్పుకుంది. అక్క నన్ను తిట్టినా, కొట్టినా, నీకింక చాకిరీ చేయలేనని ముఖం మీద చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. నన్ను దేని చేతిలో పెట్టిందో కూడా చూడకుండా పెట్టింది. తడిసిన నా చెప్పులు రోజూ గుమ్మంలో చూస్తూనే కమలాపళ్లు ఒలుచుకుంది. ఆ మాటే అన్నాను. అక్క ఏడ్చింది. రేపటినుంచి నేనే వస్తాను, ఒట్టు, అని నా తల మీద చేయి పెట్టింది. ఆ చేయి వెచ్చగా ఉంది. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, నాకున్నది ఒక్క అక్క.

మర్నాడు సాయంత్రం వెనక తలుపు దగ్గర రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. అడుగుల చప్పుడు వచ్చింది. కొన్నాళ్లుగా ఆ అడుగుల చప్పుడు విన్న గుర్తు లేదు.

"నేనేనే. పద." అక్క గొంతు.

చేయి పట్టుకుంది. వెచ్చగా ఉంది. అయినా వేడిని చూసే పరికరం తీసి చూశాను. అక్కంత ఎత్తు, అక్క జుట్టుముడి, తెల్లగా మండుతున్న మనిషి. అమ్మయ్య అనుకున్నాను. క్షమించడం మొదలుపెట్టేశాను కూడా. సందు సగం దాటాక, ఊరికే ఇంకోసారి చూశాను.

అక్క రెండో చేయి ముందుకు చాచి ఉంది. వేళ్లు వంగి ఉన్నాయి.

ఆ చేయి మణికట్టు దాకా నల్లగా ఉంది.

"అక్కా..." అన్నాను మెల్లగా. "నువ్వు నన్ను పట్టుకున్నావు సరే. నిన్నెవరు పట్టుకున్నారు?"

మేము ఇంటి వైపు కాకుండా మలుపు వైపు తిరుగుతున్నాం. పాచి వాసన... చేయి విడిపించుకున్నాను. రెండో పరికరం ఎక్కడుందో తడుముకునే తీరిక లేదు. గోడ పట్టుకుని పరిగెత్తాను. మోకాలు చీరుకుపోయింది, ఒక చెప్పు పోయింది. ఇల్లు చేరి, దీపాలన్నీ వేసి, వంటింట్లో గోడకు వీపు ఆనించి కూర్చున్నాను.

కాసేపటికి తలుపు తోసుకుని అక్క వచ్చింది. నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. ఈరోజు కూడా ఆలస్యమైందే, నేనొచ్చేసరికి నువ్వు లేవు, ఎంత భయపడ్డానో తెలుసా అంది.

వెనక తలుపు దగ్గరికి వచ్చింది అక్క కాకపోతే, అది అక్క వేడినీ గొంతునూ నేర్చుకుంది. వచ్చింది అక్కే అయితే, నన్ను తన చేత్తోనే అటు నడిపించి, ఇప్పుడు అబద్ధం చెబుతోంది. ఏది నిజమో నాకు తెలియలేదు. ఏదైనా సరే, నాకింక అక్క లేదు.

ఆమె టీ కాచింది. గ్లాసు చేత్తో పట్టుకుని, ఊదుకుంటూ నా ఎదురుగా కూర్చుంది. పరికరం ఇంకా నా పిడికిట్లోనే ఉంది. దీపాల వెలుతుర్లోనే ఎత్తి చూశాను. అక్క ముఖం తెల్లగా ఉంది. పొగలు కక్కే గ్లాసు ఇంకా తెల్లగా ఉంది.

దాన్ని పట్టుకున్న వేళ్లు నల్లగా ఉన్నాయి.

"ఏమే, అలా చూస్తావేంటి? లే, మోకాలు కడుగుతాను." గ్లాసు కింద పెట్టి, ఆ చేతినే నాకు అందించి, నా వేళ్లు పట్టుకుంది.

ఒక నొక్కు.

మా వంటింట్లో మెట్టు లేదు.