ఆపరేషన్ చేపతల

“గిరీష్‌ని లారీతో గుద్దించి చంపేసినారు.”

కాటన్‌పేటలో బట్టల కొట్టు పైగదిలో చీఫ్ వెంకటరమణ ఆ మాట అంటూ ఒక ఫోటోని ముందుకు తోశాడు. గిరీష్ ల్యాబ్ కెమిస్ట్. హెబ్బగోడి ఫ్యాక్టరీల పక్క చెరువు చేపల్లో సీసం, కాడ్మియం పేరుకుపోయాయని కనిపెట్టిన మనిషి. అతనితోపాటే శాంపిళ్ళూ మాయమయ్యాయి.

ఏజెంట్ పుష్పావతికి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ దేశంలో ఎవడూ ముట్టని పాత బ్యాటరీల చెత్తని, చెరువు బాగుచేస్తామన్న నెపంతో తెచ్చి మన నీళ్ళలో కలిపే విదేశీ ముఠా అది. నాయకుడు క్రోస్. ఈ మధ్యాహ్నం చెరువు గట్టున విందు. ఆ విందులో పెద్దాఫీసరు ఈ చేపలు తినొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టాడా, ఇక ఆ చేపలు ఫ్యాక్టరీ క్యాంటీన్లన్నిటికీ పోతాయి.

“మా చెల్లెలు సొన్నమ్మ అక్కడ ఫ్యాక్టరీలోనే పని సార్. కడుపుతో ఉండాది.”

“తెలుసమ్మా. క్రోస్ దగ్గర పీఆర్‌గా వరూధిని అని మన మనిషుండాది. రెండు పక్కలా జీతం తీసుకుంటాది. నమ్మద్దు, వదలద్దు. కోడ్‌వర్డ్: సారులో ఉప్పు తగ్గింది.”

వంటామె వేషం, ముక్కుపుడకలో కెమెరా, చెవికమ్మలో ఇయర్‌ఫోన్. చెరువు గట్టున షామియానా వెనక పుష్పావతి సారు, అంటే చేపల పులుసు, కలపడానికి గరిటె పట్టుకుంది. ఎర్రచీర, నల్ల కళ్ళద్దాలు, గుప్పున సెంటు వాసన. వరూధిని వచ్చింది.

“సారులో ఉప్పు తగ్గింది,” అంది పుష్పావతి.

“వేస్తే పోలా,” వరూధిని నవ్వింది. “రెండు గిన్నెలుండాయి చూడు. పెద్దోళ్ళకి బయటినుంచి తెప్పించిన మంచి చేప. తలా ముల్లూ తీసేసిన ముక్కలు. క్రోస్ తల తినడంట. వెనక బంతిలో పనోళ్ళకి మాత్రం చెరువు చేప, తలతో సహా.”

వీళ్ళ జిమ్మడ! విషం మనవాళ్ళకి, మెత్తటి ముక్క వాడికి! పుష్పావతి పళ్ళు నూరింది. తెర సందులోంచి చూస్తే వెనక బంతిలో సొన్నమ్మ కడుపు మీద చెయ్యేసుకుని విస్తరి ముందు కూచుని ఉంది.

పుష్పావతి గుడ్డతో చెవులు పట్టి రెండు గిన్నెలూ మార్చేసింది. వరూధిని చూసింది. కళ్ళద్దాలు సర్దుకుని క్రోస్ బల్ల వైపు నడిచింది. అరిచి చెప్పేస్తుందేమోనని పుష్పావతి తెర పక్కకి జరిపి ఆమెనే గమనించింది.

ముందు బల్ల దగ్గర క్రోస్ లేచి, “ఈ చెరువు చేప అమృతం!” అని ఉపన్యాసం ముగించి కూర్చున్నాడు. పుష్పావతి వడ్డించింది. అతని విస్తరిలోంచి ఇంత లావు చేపతల గుడ్లు మిటకరించి చూసింది. క్రోస్ మొహం పాలిపోయింది.

“ఏమిటిది?”

“తల సార్. మా ఇండ్లల్లో పెద్ద అతిథికే పెడతాము. వద్దంటే వండినోళ్ళని అవమానించినట్టే. తినప్పా.”

“తినండి, తినండి!” అంటూ ఆఫీసరు పెన్ను తెరిచాడు. నిబ్బు కాగితానికి ఆనింది.

క్రోస్ వరూధిని వైపు వంగి బుసకొట్టాడు. “గిన్నెలు మారాయి! ఇది ఆ చెరువు చేప. పనివాళ్ళకి పెట్టేది. దీన్ని నా కుక్కకి కూడా పెట్టను, తీసేయించు!”

ఆ మాటలు లౌడ్‌స్పీకర్లన్నిటిలోంచీ హోరెత్తాయి. అతని కాలరుకి మైకు పెట్టింది వరూధిని. ఉపన్యాసం అయ్యాక ఆమె దాన్ని ఆపలేదు.

ఆఫీసరు పెన్ను గాల్లోకి లేచింది. వెనక బంతి మొత్తం లేచి నిలబడింది. క్రోస్ పరుగందుకున్నాడు. పుష్పావతి గరిటె మోకాలి చిప్ప మీద ఠంగుమంది.

“ఇది గిరీష్ పేరు మీద, పాపిష్టి నా కొడకా!”

వాడు పడ్డాడు. మఫ్టీ పోలీసులు ఎత్తి జీపులో వేశారు.

సొన్నమ్మ నోరు తెరిచి చూసింది. “అక్కా, నువ్వేంది ఇక్కడ? మా గిన్నెలో చేపకి తలేదీ?”

“తల పెద్దాయన విస్తరిలో ఉండాది. నీది మంచి చేపే, తిను పో.”

చెవిలో చీఫ్ గొంతు పలికింది. “క్రోస్ ఆకలంటాండాడమ్మా. ఏం పెట్టమంటావు?”

“ఆ చెరువు చేప తప్ప ఏమైనా పెట్టండి సార్,” అంది పుష్పావతి గరిటె తుడుచుకుంటూ. “కోర్టులో నోరిప్పేదాకా వాడి ఆరోగ్యం మనకి ముఖ్యం.”