మగ్గాలు ఆగిన నిమిషం

"ఆ క్లిప్ ఇంకోసారి పెట్టు," అన్నాడు సిద్ధరాములు.

సోలాపూర్ అశోక్ చౌక్‌లో ఒక బ్యాండ్ దుకాణం వెనక గది. అతని ఒంటి మీద బంగారు అంచు ఎర్ర కోటు. చూసినవాళ్లు పెళ్లిళ్ల బ్యాండ్ మాస్టర్ అనుకుంటారు. అతడు గూఢచారి విభాగం ఆపరేషన్స్ చీఫ్ అని ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ అశ్వినికి తెలుసు. ముందు గదిలో ట్రంపెట్లు తుడుస్తున్న మనుషులకు తెలుసు.

అశ్విని ఫోన్ నొక్కింది. ఒక ఆడగొంతు: "అమ్మా, మంచిగనే ఉన్న. ఫికర్ చెయ్యకు." వెనక పవర్‌లూమ్‌ల మోత. అందులో ఒక మగ్గం కుంటుతోంది. టక్, టక్, టక్... ట-టక్. ఇంతలో కరెంటు పోయింది. మోత ఆగింది. ఆ వెంటనే పసిపిల్ల ఏడుపు. కాల్ కట్.

"లలిత," అన్నాడు సిద్ధరాములు. "మిస్సైల్ డ్రాయింగులు కొన్న విదేశీ ముఠా కేసుల మనకున్న సాక్షి ఆమె ఒక్కతే. పిల్లతోని మీ అత్తగారింట్ల దాచినం. ఫోన్ చెయ్యద్దంటే చేసింది. ఆ కాల్ ముఠా చేతికి పోయింది."

"తల్లికి చేసింది సార్."

"తల్లికే చేసింది. ఇప్పుడు వెతుక్కుంట వచ్చింది నమ్రత."

అశ్విని వీపు నిటారుగా అయింది. నమ్రత బొంబాయి గాయని. రెండేళ్ల కింద వరకు విభాగం బొంబాయి ఆఫీసుకే పనిచేసింది, ఇక్కడివాళ్ల మొహాలు ఎరగదు. ఇప్పుడు డబుల్ ఏజెంట్, లోపల ముఠా మనిషి. ఒక్కసారి విన్న చప్పుడు మర్చిపోదు. పెద్ద ఊళ్ల లైవ్ మ్యూజిక్ మీద వీడియోలు తీయడం ఆమె కవర్. ఈసారి సోలాపూర్. ఢోలక్ వాయించగల లోకల్ గైడ్ కావాలని అడిగింది. విభాగం అశ్వినిని పంపుతోంది.

"ఇప్పుడే పట్టుకుంటే అయిపాయె గద సార్?"

"ఆమెను పట్టుకుంటే షూటర్ మిగుల్తడు. వాడెవడో మనకెర్క లేదు. వాడు తుపాకి తీసేదాంక ఆగాలె."

"లలితను ఇంకో ఇంటికి మారుస్తే?"

"ఏ గల్లీయో తెల్వకున్నా మగ్గాల గల్లీలన్నిటి మీద వాళ్ల కన్నున్నది. ఎవరిని కదిలిస్తే వాళ్లే లలిత." సిద్ధరాములు క్లారినెట్ చేతికి తీసుకున్నాడు. "మేం బ్యాండ్ వేషంల ఎనకనే ఉంటం. దీంట్ల మత్తు సూది పెట్టిచ్చిన. గట్టిగ ఒక్కసారి ఊదితే మనిషి కూలబడ్తడు."

"శ్రుతి?"

"శ్రుతి పోయింది. సంగీతం మీద నజర్ పెట్టకు."

*

నమ్రత నల్ల కళ్లద్దాలు, వెండి గాజులతో దిగింది. మెడలో పెద్ద హెడ్‌ఫోన్. వెంట నిలేష్ అనే సౌండ్ అసిస్టెంట్. వాడి చేతిలో పొడుగాటి మైక్ కర్ర, దాని కొసన కుక్కపిల్లంత బొచ్చు తొడుగు.

"అశ్వినీ, డియర్, మీ సిటీలో అసలు మ్యూజిక్ ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్లు."

ఉదయమంతా తిరిగారు. ఢోల్-తాషా కుర్రాళ్ల రిహార్సల్. పెళ్లి హాలులో ఆర్కెస్ట్రా. మార్కండేయ గుడిలో ముసలివాళ్ల భజన. అక్కడ నమ్రత కింద కూర్చుని గొంతు కలిపింది. ఆ గొంతుకు తాళం వేస్తున్న ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అశ్విని ఢోలక్ మీద వేళ్లు ఆడిస్తూ అనుకుంది: ఇంత మంచిగ పాడేది మనుషులను ఎట్ల అమ్ముతది?

చౌక్ దగ్గర ఎర్ర కోట్ల బ్యాండ్ వాయిస్తూ కనిపించింది. నమ్రత ఆగింది. హెడ్‌ఫోన్ సర్దుకుంది. "మాస్టర్‌జీ, మీ క్లారినెట్ శ్రుతి తప్పింది. లోపల ఏదో అడ్డం ఉంది."

అశ్విని ఢోలక్ తాడు భుజం మీద సర్దుకుంది.

"తంబాకు పొట్లం దాస్తనమ్మా," అన్నాడు సిద్ధరాములు తల దించుకుని. "ఇంట్ల తెలిస్తే లఫ్డా."

నమ్రత నవ్వేసింది. "మీరూ రండి. తర్వాతి షాట్‌కు బ్యాండ్ కావాలి. ఇప్పుడు మగ్గాల మ్యూజిక్ విందాం."

*

జోడ్‌భావి పేట్‌లో ఆమె గల్లీ గల్లీ దాటింది. ప్రతి మలుపులో కళ్లు మూసుకుని వినడం, తల అడ్డంగా ఊపడం. పగటి అన్నాల వేళ దాటుతుండగా ఒక ఇరుకు గల్లీ మొదట్లో ఆమె తల ఊపలేదు. చిటికె వేసింది. మగ్గాలతో పాటే, వాటి కుంటుతో పాటే. టక్, టక్, టక్... ట-టక్.

గల్లీ దొరికిపోయింది. అత్తగారి ఇల్లు ఆ వరుసలోనే ఉంది, నీలం తలుపు.

నమ్రత ఫోన్‌లో ఏదో టైప్ చేసింది. "అశ్వినీ, మగ్గాలు ఆగే క్షణం రికార్డ్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నా మనిషి ఉన్నాడు. కాసేపట్లో లైన్ తీస్తాడు. ఆ సైలెన్స్‌లో ఎవరూ మాట్లాడకూడదు. మీ వాళ్లకు చెప్పగలవా?"

అశ్వినికి క్లిప్ గుర్తుకొచ్చింది. కరెంటు పోతే మోత ఆగింది, మోత ఆగితే పాప ఏడ్చింది. కుంటి మగ్గం గల్లీని చూపించింది. ఏడుపు ఇంటిని చూపిస్తుంది.

నిలేష్ వైపు చూసింది. మైక్ పట్టుకున్నవాడి చెవులకు హెడ్‌ఫోన్ లేదు. వాడి మైక్ మగ్గాల వైపు లేదు, తలుపుల వైపు ఉంది.

షూటర్ వీడే.

ఫోన్ తీసి, నమ్రత వింటుండగానే అత్తకు చేసింది. "అత్తమ్మా, మన గల్లీల రికార్డింగ్ ఉన్నది."

"ఏం రికార్డింగే, నాకు బీడీలు చుట్టుడున్నది," అంది ద్రౌపది. "నీ కొడుకు గూడ ఈడనే ఉండు. కుంభారిల మీ అమ్మ దగ్గర పొద్దుగాల జర ఒళ్లు కాలిందంట, తీస్కొచ్చిన. ఇప్పుడు మంచిగనే ఉండు."

అశ్విని ఫోన్‌ను చెవికి ఇంకా నొక్కుకుంది. తన బిడ్డ కుంభారిలో, బస్సు ప్రయాణమంత దూరంలో ఉన్నాడనే ధైర్యంతోనే ఇంతసేపు నడిచింది.

ఆమె కూడా ఇలాంటి గల్లీలోనే పెరిగింది. ఒక్క మాట ఆలోచించుకుని చెప్పింది. "వాన్ని పండబెట్టు. ఎదురింటోళ్లకు, పక్కింటోళ్లకు, గల్లీల బాలెంతలందరికి ఫోన్ చెయ్యి. పిల్లలకు పాలిచ్చి జోలెల ఎయ్యుమను. అందరు పండుకోవాలె."

 ఇంట్లో దాచిన మనిషెవరో ద్రౌపదికి తెలుసు. "అందరా?"

"అందరు."

"బరాబర్," అని పెట్టేసింది.

"థాంక్యూ, డియర్," అంది నమ్రత. "నువ్వు లేకపోతే కష్టమయ్యేది."

గల్లీ మూల బ్యాండ్ వాళ్లు కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. చీర జోలెలు ఊగుతున్న గుమ్మాల్లో ఒక్కొక్క తల్లే వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నమ్రత హెడ్‌ఫోన్ పెట్టుకుని చెయ్యి పైకెత్తింది.

కరెంటు పోయింది.

మోత ఒక్కసారిగా తెగిపోయింది. గల్లీ అంతా చెవిటిదైనట్టు. ఒక్క ఊపిరి.

నీలం తలుపు వెనక లలిత పాప కెవ్వుమంది.

నమ్రత పెదవి చివర నవ్వు మొదలైంది. పూర్తి కాలేదు. ఎదురింట్లో ఇంకో పాప లేచింది. పక్కింట్లో ఇంకొకరు. మేడ మీద కవలలు. మగ్గం మోతలో పుట్టి, మగ్గం మోతలోనే కళ్లు మూసే పిల్లలు, మోత ఆగేసరికి ఎవరో తట్టి లేపినట్టు అందరూ లేచారు. ఈ చివర నుంచి ఆ చివరకు గల్లీ ఒకే ఏడుపు.

"ఏమిటిది?" అంది నమ్రత.

కానీ ఆమె నిజంగానే గొప్ప చెవి గలది. కళ్లు మూసుకుంది. ఒక్కొక్క గొంతు విని పక్కన పెడుతోంది. తల నెమ్మదిగా తిరిగింది. నీలం తలుపు వైపు తిరిగి ఆగింది. వేలు లేచింది. నిలేష్ బొచ్చు తొడుగు మీద చెయ్యి వేశాడు.

సిద్ధరాములు క్లారినెట్ ఎత్తాడు. మధ్యలో ఒక ముసలమ్మ అడ్డం.

అప్పుడు అదే తలుపు వెనక అశ్విని కొడుకు లేచాడు. నిద్ర లేవడానికి ఎప్పుడూ ఆలస్యమే వాడికి. లేచాడంటే గల్లీకంతటికీ వినిపిస్తుంది. "అమ్మా" అని అరిచాడు. గుక్క పట్టాడు. మళ్లీ "అమ్మా."

అశ్విని కదలలేదు. ఢోలక్ తాడు అరచేతిలో కోసుకుపోతున్నా కదలలేదు.

నమ్రత కనుబొమలు ముడిపడ్డాయి. "ఇక్కడ ఇద్దరున్నారు," అని గొణిగింది. "కాల్‌లో ఒక్కతే. ఇది కాదు." వేలు పక్క తలుపుకు జరిగింది. "అది."

నిలేష్ తొడుగు లాగేశాడు. లోపల సైలెన్సర్ పిస్టల్. ముందుకు రెండడుగులు వేశాడు. దాంతో ముసలమ్మ వెనకబడింది, దారి తెరుచుకుంది.

క్లారినెట్ శ్రుతి లేకుండా ఒక్క కూత పెట్టింది.

నిలేష్ మెడ తడుముకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు. ఇద్దరు ట్రంపెట్ వాళ్లు పిస్టల్ తీసుకున్నారు. ఒకడు ట్రాన్స్‌ఫార్మర్ వైపు పరుగెత్తాడు. నమ్రత వెనక్కి తిరిగేసరికి అశ్విని ఢోలక్ తాడు ఆమె మణికట్లకు బిగిసింది.

"నా చెవి ఎప్పుడూ తప్పు వినదు," అంది నమ్రత, ఇంకా అర్థం కానట్టు.

"మంచిగనే ఇన్నవు," అంది అశ్విని. "పిల్లల్నే ఎన్నడు పెంచలేదు."

*

సాయంత్రం సిద్ధరాములు బిస్కెట్ పాకెట్లు పట్టుకుని గల్లీకి వచ్చాడు. కరెంటు వచ్చింది, మగ్గాలు మోగుతున్నాయి, కుంటిది కుంటుతోంది. లలిత గోడకు ఆనుకుని పాపను చూస్తోంది. అశ్విని ఒడిలో కొడుకు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆమె చెయ్యి వాడి నుదుటి మీద నుంచి కదలలేదు.

ఆపరేషన్‌లో పనిచేసిన వాళ్లందరికీ స్వయంగా థాంక్స్ చెప్పాలని వచ్చాడాయన. ఏ గుమ్మంలో చూసినా అందరూ నిద్రలో ఉన్నారు. లేపడం ఇష్టం లేక మునివేళ్ల మీద నడిచాడు.

ద్రౌపది బీడీ చుడుతూ తలెత్తి చూసింది.

"గట్ల దొంగ లెక్క నడుస్తవేంది సారూ," అంది మగ్గాల మీదుగా గొంతు పెంచి. "బాజా గొట్టుకుంట రా, ఒక్కడు లేవడు. సప్పుడు బందు చేసెటోళ్లను మాత్రం మళ్ల తోల్కరాకు."