నలభై రెండో నంబరు పాప

“పదకొండింటికి లిస్టు బయటికి పోతుంది. పోకూడదు,” అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు తోసి.

డిపార్ట్‌మెంటులో ఆ ఏజెంటును అందరూ ‘గోడ’ అంటారు. మొహంలో ఏదీ కనపడనివ్వడు మరి. ఆ ఫైలులో మొదటి పేజీ మాత్రం రెండుసార్లు చదివాడు.

కడుపులోని బాక్టీరియాకూ, పిల్లల ఆటిజానికీ సంబంధం ఉందేమోనని ఒక ట్రయల్ నడుస్తోంది. ఎనభై మంది పిల్లలు. సగం మందికి మంచి బాక్టీరియా నింపిన క్యాప్సూల్, సగం మందికి ఉత్త పిండి. ఎవరికి ఏది పడుతోందో డాక్టర్లకే తెలియదు. తెలిస్తే ట్రయల్ అక్కడితో సరి. గుట్టంతా ఒక్క లిస్టులో ఉంది. విదేశీ ముఠా కన్ను దానిమీద పడింది. అసలు మందు పడ్డవాళ్ళలో కాస్త మెరుగైన నలుగురిని ఏరి చూపించి, ఇదిగో మందు అంటూ ప్రపంచమంతా అమ్ముకోవచ్చు. కన్నవాళ్ళు ఎగబడి కొంటారు. కొనరా మరి?

“మీ పాప కూడా అందులో ఉంది. అందుకే మిమ్మల్ని పంపుతున్నా,” అన్నాడు చీఫ్. “లోపలి మనిషి మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. కోడ్‌నేమ్ నెమలి.”

ఎన్ని వేషాలు వేశాడో లెక్కలేదు. ఈసారి తండ్రి వేషం. చేతిలో పాప మలం శాంపిల్ ఉన్న ఐస్‌బాక్స్, దాని అడుగున సిగ్నల్ తెంచే జామర్, పిస్తోలు. గేటు దగ్గర అందరి సంచులూ బోర్లించే గార్డు, “పోండి సార్, పోండి,” అని ముక్కు మూసుకున్నాడు. ఆ డబ్బా తెరిచే మొనగాడు ఏ దేశంలోనూ లేడు.

రికార్డు రూములో కంప్యూటర్ ముందు నెమలి. ఎర్ర లిప్‌స్టిక్, పొడుగాటి వేళ్ళు. వారం వారం శాంపిల్ తీసుకుంటూ పాపను ముద్దుగా పలకరించే మనిషే.

పిస్తోలు చూసినా ఆమె బెదరలేదు. “మీ పాప నంబర్ నలభై రెండు కదూ, పాప నాన్నగారూ?” అంటూ స్క్రీను అతని వైపు తిప్పబోయింది. “ఒక్కసారి చూసుకోండి. నన్ను వదిలేయండి.”

అప్‌లోడ్ తొంభై మూడు శాతం.

క్యాప్సూళ్ళు మొదలైన నాలుగో వారం, పాప తనంతట తాను వచ్చి అతని భుజానికి తల ఆనించింది. ఏడేళ్ళలో అదే మొదటిసారి. మందు పనిచేస్తోందని భార్యకు ఒట్టేసి చెప్పాడు. నిజమేనా? జవాబు బెత్తెడు దూరంలో ఉంది. చూడాలని ప్రాణం పీకేసింది.

తొంభై తొమ్మిది.

అతను కళ్ళు గట్టిగా మూసుకుని జామర్ నొక్కాడు. కంప్యూటర్ కీచుమంది. తడుముకుంటూ స్క్రీను ఆర్పాకే కళ్ళు తెరిచాడు.

“మీకసలు గుండె లేదు,” అంది నెమలి, బేడీలు పడుతుంటే.

ఎనిమిది నెలలకు ట్రయల్ ముగిసింది. లిస్టు పద్ధతి ప్రకారం తెరిచారు. సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు, ఇంకా చూడాలి అన్నాడు డాక్టరు. నలభై రెండో నంబరుకు పడింది ఉత్త పిండి.

ఇంటికొచ్చి చెప్పాడు. పాప నేలమీద చెంచాలు వరసగా పేరుస్తోంది.

“అయితే ఆ రోజు మందు వల్ల కాదు, తనే వచ్చిందా?” అంది భార్య.

“తనే.”

“మరి మళ్ళీ ఎందుకు రాలేదండీ?”

అతను పాప పక్కన నేలమీద కూర్చున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు కేసు మూసేస్తూ రిపోర్టు నింపాడు. మిషన్: సక్సెస్. ‘మన వైపు నష్టం’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాడు. ఇరవై ఏళ్ళుగా శత్రువులకు అబద్ధాలు చెబుతున్నాడు గానీ, సొంత ఆఫీసుకు రాసిచ్చిన మొదటి అబద్ధం అదే.