ఇది నీ గది

ఇల్లు కొనాలని మొదలుపెట్టాక మొదటి నెలంతా వాళ్ళకి వాళ్ళే తిరిగారు. ప్రతి ఇంటి దగ్గరా అమ్మేవాళ్ళ మనిషి ఒకడు ఉండేవాడు. బీట వారిన గోడ ముందు తనే అడ్డంగా నిలబడి, వెలుతురు ఎంత బాగా వస్తుందో చెప్పేవాడు. కోడలికి మొహమాటం ఎక్కువ. అత్తగారికి మొహమాటమంటే ఏమిటో తెలీదు. ఒకరు నోరు తెరవకా, ఒకరు నోరు మూయకా ఆరిళ్ళు చేజారిపోయాయి. అప్పుడు కోడలు పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో తోటి ఆవిడ చెప్పింది, కొనేవాళ్ళ తరఫున మాట్లాడే ఏజెంట్లు కూడా ఉంటారు, ఒకరిని పెట్టుకోండి అని.

అలా వచ్చాడు ఏజెంటు. యాభై దాటిన మనిషి. ఈ పనిలోకి రాకముందు బడిలో పాఠాలు చెప్పేవాడు. ఒకసారి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళి, ఒక పిల్లని మ్యూజియంలోనే మరిచిపోయి వచ్చాడట. అప్పటినుంచీ ఎక్కడికెళ్ళినా తలకాయలు లెక్కపెట్టడం అలవాటైపోయింది. ఇంట్లోకి వెళ్ళేటప్పుడు "లోపలికి నలుగురు" అని జేబులో పుస్తకం తీసి రాసుకునేవాడు. వచ్చేటప్పుడు "బయటికి నలుగురు" అని రాసి, టిక్కు పెట్టి, అప్పుడు తలుపు తాళం వేసేవాడు.

"మనమేమన్నా గొర్రెలమా, లెక్కపెట్టి తోలడానికి?" అనేది అత్తగారు.

ఆయనకి ఇంకో పట్టింపు ఉంది. ఇల్లు చూస్తున్నంతసేపూ నచ్చిందని నోరు జారకూడదు. "మీకు నచ్చిందని అవతలివాళ్ళకి తెలిసిందంటే ఇక బేరం లేదమ్మా. ఏ గది ఎవరికో, మంచం ఎక్కడ వేసుకోవాలో, అవన్నీ బయటికొచ్చాక మాట్లాడుకుందాం. వినేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉంటారు." నిజంగా నచ్చితే నీళ్ళ ట్యాంకు ఎక్కడుందని అడగాలి. అదీ గుర్తు. అత్తగారు ఆ సంగతి మరిచిపోయి, కప్పు కారుతున్న ఇంట్లో కూడా ట్యాంకు ఎక్కడని అడిగేసేది.

పద్దెనిమిది ఇళ్ళు చూశారు. కాళ్ళరిగిపోయాయి. ఉంటున్న అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి, ఇంక పదకొండు రోజులే ఉంది. కోడలి భర్త దూరాలకి లారీ తోలతాడు, పదిహేను రోజులకోసారి మొహం చూపిస్తాడు. తిరగడమంతా ఈ ముగ్గురిదే. కోడలు, అత్తగారు, ఏడేళ్ళ కూతురు.

కూతుర్ని అందరూ పిచ్చుకా అనే పిలిచేవాళ్ళు. పుట్టాక ఒక్క రోజు కూడా తనదంటూ ఒక గది లేదు దానికి. నానమ్మకీ అమ్మకీ మధ్య ఇరుక్కుని పడుకునేది. "నాకో గది ఎప్పుడొస్తుందమ్మా?" అని రోజూ అడిగేది. వచ్చేస్తుందే తల్లీ అని రోజూ చెప్పేది తల్లి. ఆ మాట నిలబెట్టుకోవాలని ఆవిడకి ఎంత తపనగా ఉండేదంటే, రాత్రి నిద్దట్లో కూడా గదులే కొలుస్తూ ఉండేది. ఈ మధ్య పిచ్చుకకి పై వరసలో ముందరి పన్ను కదులుతోంది. పొద్దస్తమానం దాన్ని నాలుకతో తోస్తూ టిక్కు టిక్కుమనిపిస్తుంటే, నానమ్మకి ఒళ్ళు మండిపోయేది.

పంతొమ్మిదో ఇంటికి మధ్యాహ్నం మూడింటికి వెళ్ళారు. ఒకే గోడకి అతుక్కుని వరసగా ఉన్న ఇళ్ళలో చివరిది. ఏజెంటు లోపలికి నలుగురు అని రాసుకున్నాడు. కుళాయిలన్నీ తిప్పి చూశాడు. తలుపులు వేసి తీశాడు. జేబులోంచి ఒక గాజు గోళీ తీసి ప్రతి గదిలోనూ నేల మీద పెట్టాడు. నేల వాలుగా ఉంటే గోళీ దొర్లుతుంది, అదీ ఆయన పరీక్ష. రెండు పడకగదుల్లోనూ గోళీ నిలబడింది. గోడలు పొడిగా ఉన్నాయి. కోడలు మనసులోనే మంచాలు వేసేసుకుంది.

వంటింటి వెనక ఇంకో తలుపు ఉంది.

"కాగితంలో రెండు గదులే రాశారే," అన్నాడు ఏజెంటు. తలుపు తోశాడు. చిన్న గది. ఒక చిన్న కిటికీ. తడి సున్నం వాసన, దాని కింద ఎక్కడో విరిగిన పాల వాసన. ఆయన గోళీ పెట్టాడు. కదల్లేదు. వేలితో మెల్లిగా తోశాడు. అది రెండు జానలు దొర్లి, ఆగి, వెనక్కి వచ్చి మొదట ఉన్నచోటే నిలబడింది. ఆయన కాసేపు దానివంక చూశాడు. అమ్మేవాళ్ళ మనిషికి ఫోన్ చేసి అడిగొస్తానని బయటికి వెళ్ళాడు. అత్తగారు ఈసారి నిజంగానే ట్యాంకు చూడ్డానికి పెరట్లోకి వెళ్ళింది.

తల్లీ కూతురూ మిగిలారు. పిచ్చుక గది మధ్యలో నిలబడి, పన్ను తోసుకుంటూ నాలుగు గోడల్నీ చూసింది.

"ఇదెవరిదమ్మా?" అంది గుసగుసగా.

తల్లి వంగి చెవిలో చెప్పింది. "నీదే. ఇది నీ గది."

ఎక్కడో ఎవరో ఎప్పటినుంచో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు చప్పుడైంది. గొట్టాల్లో గాలేమో అనుకుంది ఆవిడ. పెరట్లోంచి అత్తగారు పిలిస్తే ఒక్క అడుగు బయటికి వేసింది. వెనక తలుపు మూసుకుంది. తోసింది, తెరుచుకోలేదు. మళ్ళీ తోసింది. తెరుచుకుంది. నిమిషం కూడా పట్టి ఉండదు. పిచ్చుక గోడవైపు తిరిగి నిలబడి ఉంది. పిలిస్తే వచ్చి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"బయటికి నలుగురు," అన్నాడు ఏజెంటు, టిక్కు పెట్టి.

కారులో ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఏజెంటు జేబులు తడుముకుని, గోళీ లోపలే మరిచిపోయానన్నాడు. ఎలాగూ సాయంత్రం తనొక్కడే మళ్ళీ వచ్చి చూడాలి. మనుషులున్నప్పుడు ఇల్లు ఒకలా ఉంటుందనీ, లేనప్పుడు ఇంకోలా ఉంటుందనీ ఆయన నమ్మకం. "లోపల ఏమీ అనలేదు కదమ్మా?" అని అడిగాడు.

"లేదండీ," అందావిడ. చిన్న అబద్ధమే. అయినా మొహం వేడెక్కింది.

వెనక సీట్లో అత్తగారు పిచ్చుకని కేకలేస్తోంది. "ఆ పన్ను వదులుతావా లేదా? ఇంకోసారి కదిపావంటే దారం కట్టి లాగి పారేస్తా. నోరు తెరిచావంటే చూడు." ఆ మాటలు కోడలి చెవిన పడ్డాయిగానీ మనసులోకి వెళ్ళలేదు. మనసంతా ఆ చిన్న గదికి ఏ రంగు వేయించాలా అన్నదాని మీదే ఉంది.

సాయంత్రం ఆరు దాటింది. అత్తగారు వంటింట్లో ఉంది. పిచ్చుక తల్లి పక్కన బుద్ధిగా కూర్చుని బొమ్మకి రంగులేస్తోంది. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉందనిపించింది ఆవిడకి. ఏదో తక్కువైంది. ఏమిటో తట్టలేదు. ఫోన్ మోగింది.

ఏజెంటు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "అమ్మా... పాపని ఇక్కడే మరిచిపోయారేమిటమ్మా?"

"పాపేంటండీ? నా పక్కనే ఉంది."

అవతల ఊపిరి వినిపించింది, గబగబా.

"నేను లెక్కపెట్టానమ్మా. నలుగురే వచ్చాం. టిక్కు కూడా పెట్టాను. మరి... ఈ చిన్న గదిలో..."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఆ తర్వాత ఒక గొంతు. సన్నగా, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి. ఏ తల్లయినా వెయ్యి గొంతుల్లో పోల్చుకునే గొంతు.

"అమ్మా. నన్ను వదిలేసి వెళ్ళిపోయావు. నా పన్ను ఊడిపోయిందమ్మా. చేతిలో పట్టుకుని కూర్చున్నా."

పన్ను. ఇంట్లో తక్కువైంది అదే. టిక్కు టిక్కు లేదు. మధ్యాహ్నం నుంచీ లేదు.

మెల్లిగా పక్కకి తిరిగింది. పిచ్చుక రంగు పెన్సిలు పట్టుకుని తన వంకే చూస్తోంది. పెదాలు గట్టిగా బిగించి ఉంది.

"నోరు తెరువు తల్లీ."

పిల్ల తల అడ్డంగా ఊపింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. మళ్ళీ తల ఊపింది.

"తెరవమన్నానా."

తెరవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెరవలేదు.

ఆవిడ లేచింది. అత్తగారికి చెబితే అరిచి గోల చేస్తుందని భయం. సంచి మరిచిపోయాం, తెచ్చుకుంటాం అని కేకేసి, పిల్ల రెక్క పుచ్చుకుని బయటికి నడిచింది. ఆ చెయ్యి పట్టుకోవాలంటే అసహ్యం వేసింది. తన కూతురు చెయ్యి లాగే ఉండడం చూసి ఇంకా అసహ్యం వేసింది.

"ఎక్కడికమ్మా?" అంది పిల్ల, పెదాల మధ్య నుంచి. "ఆ ఇంటికా?"

ఆవిడ అటుగా వస్తున్న ఆటో ఆపి, దాన్ని లోపలికి ఎక్కించింది.

ఏజెంటు ఆ ఇంటి వీధి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్లని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఖాళీ ఇల్లు కదా, కరెంటు తీసేశారు. లోపలికి రానన్నట్టు చెయ్యి ఊపాడు. అంత భయంలోనూ ఆయన పెదాలు కదిలాయి. లోపలికి ఇద్దరు.

ఫోన్ వెలుతురులో ఆవిడ వంటిల్లు దాటింది. పాల వాసన ఇప్పుడు గట్టిగా వస్తోంది. తలుపు తోసింది.

పిచ్చుక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అదే గౌను. అదే జడ. పెదాల మీద కాస్త రక్తం. అరచేతిలో చిన్న తెల్లటి పన్ను. తల్లిని చూసి పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేసుకుంది. నోరు తెరిచి ఖాళీ చూపించింది. చీకట్లో, వణుకుతున్న వెలుతురులో ఆవిడ ఆ ఖాళీ చూసింది. చాలు. ప్రాణం లేచొచ్చింది.

ఎత్తుకుంది. తనతో తీసుకొచ్చిన దాని చెయ్యి వదిలేసింది.

అది గది మధ్యలో నిలబడి చూస్తోంది. బెదిరిపోయి, అచ్చం పిచ్చుక లాగా. ఆవిడకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నోటి నుంచి వచ్చిన మాటే ఇంత చేసింది, మళ్ళీ ఆ మాటే అనాలనిపించింది.

"ఇది నీ గది," అంది.

వెనక్కి అడుగేసి తలుపు లాగింది. మూసుకుంటుండగా లోపలి నుంచి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా... ఇంక కదపను. ఒట్టు. కదపనమ్మా..."

తలుపు మూసుకుంది. ఆ ఊపిరి వదిలిన చప్పుడు మళ్ళీ వినిపించింది. ఆవిడ ఆగలేదు.

"బయటికి ఇద్దరు," అన్నాడు ఏజెంటు. టిక్కు వంకరగా పడింది. "సరిపోయిందమ్మా. ఈ ఇల్లు మనకొద్దు."

ఆ రాత్రి కూతుర్ని గుండెకి హత్తుకుని పడుకుంది. పిల్ల హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న ఎండ కిటికీలోంచి నేరుగా పడుతోంది. అత్తగారు మనవరాలికి జడ వేస్తూ, "ఏదీ, పన్ను ఊడిన చోటు చూపించు," అంది. పిల్ల పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. అత్తగారి చేతిలో దువ్వెన ఆగింది.

"ఇదేంటే కోడలా. కదిలింది పై పన్ను కదూ. ఊడింది కింది పన్నేంటి?"

కోడలు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులో అందరినీ కూర్చోబెట్టి పై వరస చదవండి, కింది వరస చదవండి అనే మనిషి. వేలితో పిల్ల పై పెదవి ఎత్తింది. ముందరి పన్ను పట్టుకుని కదిపి చూసింది.

రాయిలా ఉంది.

"నిన్న కారులో కూడా కదుపుతూనే ఉందే," అంటోంది అత్తగారు. "దారం కడతానని బెదిరిస్తేగానీ మూయలేదు నోరు. భయపడిపోయింది పిచ్చిది. ఇంటికొచ్చాక కూడా నన్ను చూస్తే పెదాలు బిగించేసేది."

ఇంక కదపను, ఒట్టు. ఆ మాట కోడలికి చెవుల్లో కాదు, కడుపులో వినిపించింది. ఎలా పట్టుకుందో తెలీదు, ఫోన్ పట్టుకుంది. ఏజెంటే ఎత్తాడు.

"ఆ గది తలుపు తియ్యండి. నేనొచ్చేలోపల తియ్యండి. మీ కాళ్ళకి దండం పెడతాను."

"నేనిక్కడే ఉన్నానమ్మా," అన్నాడాయన. గొంతు ఆయనది కాదన్నట్టు ఉంది. "రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే వచ్చేశాను. వంటింటి వెనక తలుపు లేదు. గోడే ఉంది. కాగితంలో రాసినట్టే రెండు గదులే."

వెనక నుంచి పిల్ల వచ్చి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది. విరిగిన పాల వాసన.

"నిన్న మన లెక్క సరిపోయింది కదమ్మా?" అంటున్నాడు ఏజెంటు. "ఇద్దరు వెళ్ళారు, ఇద్దరొచ్చారు. మరి... ఆ గోడ మొదట్లో నేల మీద నా గోళీ ఉంది. దాని పక్కన ఒక పన్ను ఉందమ్మా. ముందరి పన్ను. ఇంకా తడి ఆరలేదు."