పవర్ లేని కళ్ళజోడు

"ఇందులో పవరే లేదేంటి?"

కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు బిగించే కుర్రాడు ఆ లావుపాటి నల్ల ఫ్రేమును మెషీన్ కింద పెట్టి మళ్ళీ చూశాడు. సున్నా. ఉత్త అద్దాలు!

అది పై అంతస్తులో ట్యూషన్లు చెప్పే టీచరమ్మది. ముక్కు మీద గుచ్చుకుంటోందని, అలాంటిదే ఇంకోటి పెట్టుకుని దీన్ని రిపేరుకి ఇచ్చింది. ఆమే, ఈ కుర్రాడూ ప్రేమించుకుంటున్నారు. ఆదివారం పెద్దవాళ్ళు కూర్చుని పెళ్ళి మాటలు మాట్లాడుకోవాలి.

చూపు బాగున్న పిల్లకి జోడెందుకు? ఇక మనసు ఊరుకుంటుందా? కళ్ళజోడు బాక్సు దులిపాడు. టాబ్లెట్ల స్ట్రిప్పు రాలింది. ఫోన్‌లో పేరు కొట్టి చూస్తే, దిగులు జబ్బుకి వాడతారని వచ్చింది. ఇంకేముంది, గోరంత కాస్తా కొండంతయింది. ఎవడో పాతవాణ్ణి మర్చిపోలేకపోతోంది. అంటే వాణ్ణి మర్చిపోడానికి తనూ ఓ టాబ్లెట్టేనన్నమాట!

సాయంత్రం వానలో తడుస్తూ ఆమె వచ్చింది.

"అయిందా?"

"అయింది. వాడెవడు?"

"ఎవడు?"

"ఎవడి కోసం ఇవి మింగుతున్నావో, వాడు."

స్ట్రిప్పు చూడగానే ఆమె మొహం మాడిపోయింది. "బాక్సులు వెతుకుతున్నావా? పోలీసువా నువ్వు?"

"ఉత్త అద్దాలు పెట్టుకుని నాటకమాడింది నువ్వు. నన్నంటావేం?"

ఆమె పెట్టుకున్న జోడు తీసేసింది. రెప్పలకి ఒక్క వెంట్రుక లేదు. పెన్సిల్‌తో గీసిన కనుబొమ్మ తడికి చెరిగిపోయింది.

"నేనే పీక్కుంటాను. టెన్షనొస్తే చెయ్యి దానంతటదే పైకి పోతుంది. చిన్నప్పట్నుంచీ ఇంతే. అమ్మ తిట్టింది, కొట్టింది. మానలేకపోయా. ఇదీ ఓ జబ్బేనని ఈమధ్యే తెలిసింది."

"మరి ఈ మందు..."

"కొందరికి దీనికీ పనిచేస్తుందట. అందరికీ కాదు, వాడి చూద్దాం అన్నాడు డాక్టరు. చెయ్యి లేచినప్పుడు దానికి వేరే పని నేర్పడమే అసలు వైద్యమట. అదీ నేర్చుకుంటున్నా."

అతనికి తల కొట్టేసినట్టయింది.

"మీ అమ్మగారు చూస్తే పిచ్చిదనుకుంటారని, ఆదివారం లోపు టాబ్లెట్లు మానేద్దామనుకున్నా."

"డాక్టర్నడక్కుండానా? మానావంటే చూడు! పీక్కో, పీక్కోకపో, నాకు నువ్వే కావాలి. అమ్మకి చెబుదామా?"

"నేనే చెప్తా. ఫోన్ చెయ్యి."

ఆమె అంతా చెప్పింది, అతని అనుమానంతో సహా. అవతల్నుంచి వాళ్ళమ్మ అంది:

"మందు వాడుకోవడానికి సిగ్గెందుకు తల్లీ? ఆదివారం వస్తున్నాం. ఈలోగా అనుమానానికి కూడా మందుందేమో ఆ డాక్టర్ని అడుగు. మావాడికే కాదు, వాళ్ళ నాన్నకీ ఉంది, ఇద్దరికీ సరిపడా తెచ్చుకుందాం."

"సరే అత్తయ్యా," అంది ఆమె, మొదటిసారి.