ఓటమి భోజనం

లాకు గదిలో ఇద్దరూ మాట్లాడడం మానేసి చాలాసేపయింది.

బల్లకు ఇటువైపు జలసాయం సంస్థ రాయబారి నూకరత్నం. అటువైపు ఆ లాకును తుపాకులతో పట్టుకుని కూర్చున్న దొరబాబు. మధ్యలో రెండు గ్లాసుల టీ. రెండింటి మీదా మీగడ కట్టింది. కిటికీ కింద, కాలువకు అడ్డంగా మూసిన లాకు తలుపులకు ముక్కు ఆనించి సంస్థ లాంచీ నిలబడి ఉంది. దాని కడుపు నిండా మంచినీళ్ళు, సెలైన్ సీసాలు. తలుపులకు అవతల, కాలువ చివర రెల్లులంక. అక్కడ కలరా.

మధ్యాహ్నం వైర్‌లెస్‌లో లంక నుంచి వచ్చిన చావుల లెక్క పొద్దుటి లెక్కకు రెట్టింపు. నూకరత్నం అది విని తల ఊపింది. చెవి వెనక పట్టీ చల్లగా ఉంది. లోపల ఏమీ కదల్లేదు.

దొరబాబు ఒక్కటే షరతు పెట్టాడు. లాంచీలో నీళ్ళలో మూడో వంతు లాకు గట్టు మీద ఉన్న తన జనానికి వదలాలి. అది పొద్దున్నే చెప్పేశాడు. ఎదుటివాడు పెట్టే మొదటి షరతు అసలు షరతు కాదని నూకరత్నం నరాలకు తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే రెండోది బయటికి వస్తుంది. అందుకని ఆమె ఎదురు చూస్తోంది.

విచిత్రం ఏమిటంటే, అతనూ అదే పని చేస్తున్నాడు.

2091 నాటికి సముద్రం కోనసీమలో సగం దూరం లోపలికి వచ్చేసింది. బావులన్నీ ఉప్పు తేలాయి. ప్రభుత్వం మాట రాజమండ్రి దాకా చెల్లుతుంది. అక్కణ్ణించి కిందకి ఏ లాకు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. లంకలకు నీళ్ళు చేరాలంటే ప్రతి లాకు దగ్గరా ఎవరో ఒకరు దిగి మాట్లాడాలి. జలసాయంలో ఆ పని చేసేవాళ్ళను రాయబారులంటారు.

ఆ విద్యకు బడి లేదు. మొదట్లో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేవారు. నెలాఖరున రాజమండ్రి గోదాములో చాపలు పరిచి, ఒకే గిన్నెలో పులుసు కాచుకుని అందరూ కూర్చునేవారు. ఎవరు నోరు విప్పినా తాము ఓడిపోయిన రాయబారం గురించే చెప్పాలి. గెలుపు చెప్పినవాడికి మజ్జిగ పోయరు. దాని పేరు ఓటమి భోజనం. ఎక్కడ తొందరపడ్డారో, ఎవరి ముందు నోరు జారారో, ఏది ఇచ్చేసి ఎవరిని బతికించుకున్నారో, అన్నీ ఆ చాపల మీదే బయటపడేవి. కొందరు ఏడ్చేవారు. పక్కవాళ్ళు పులుసు వడ్డించేవారు.

తరువాత డాక్టర్ పేరిందేవి ఒడుపు పట్టీ కనిపెట్టింది. చెవి వెనక అంటుకునే బొటనవేలంత పొర అది. రాయబారి మాట్లాడుతున్నప్పుడు నరాల్లో జరిగేదంతా, అంటే గుండె ఎక్కడ ఆగింది, కన్ను ఎదుటివాడి ముఖంలో ఏం పట్టుకుంది, నాలుక ఎప్పుడు ఊరుకుంది అన్నదంతా నాడీముద్రగా అచ్చు వేసుకుంటుంది. ఆ ముద్ర అప్పటికప్పుడు రాజమండ్రి చేరి, మర్నాడు ఇంకొకరి పట్టీలోకి, అలా ఒకరి నుంచి ఒకరికి వెళుతుంది; ఆ వరసనే గొలుసు అంటారు. ఈత పుస్తకం చదివితే రాదు. ఈత వచ్చిన ఒంటిని అరువు తెచ్చుకోగలిగితే వస్తుంది. పట్టీ చేసిన పని అదే. భయాన్ని కూడా అదే అదుపులో పెట్టేది.

పట్టీలో చెరుపు అని ఒక వెసులుబాటు ఉంది. దెబ్బలు తిన్నవాళ్ళ కోసం, అవమానాలు పడ్డవాళ్ళ కోసం పెట్టింది. ముద్రను గొలుసులోకి పంపే ముందు వద్దనుకున్న ముక్కను తీసేయవచ్చు. పట్టీలో తీసేసింది తలలోంచీ పోతుంది. పన్ను ఊడిన చోట నాలుక తడుముకున్నట్టు ఒక ఖాళీ మిగులుతుంది, అంతే. తమ ఓటమి పక్కవాళ్ళ నరాల్లో తిరగాలని ఎవరికి ఉంటుంది? ఒకరు చెరిపారు. చూసి ఇంకొకరు చెరిపారు. కొన్నాళ్ళకు గొలుసులో గెలుపులు తప్ప మరేమీ లేకుండా పోయాయి. గోదాములో చాపలు చుట్టేశారు.

గొలుసులో అందరికంటే గొప్ప ముద్ర నూకరత్నానిదే. నాలుగేళ్ళ కిందటి వానాకాలంలో ఇదే లాకు దగ్గర ఆమె పెదవి విప్పకుండా కూర్చుంది. తలుపులు తెరుచుకున్నాయి. ఆ మౌనం అక్కణ్ణించి సంస్థలో ప్రతి రాయబారి ఒంట్లోకి వెళ్ళింది.

ఈ పొద్దున ఆమె గదిలోకి అడుగు పెట్టగానే దొరబాబు లేచి నిలబడ్డాడు. "ఆయ్, మళ్ళీ దయచేశారా" అన్నాడు. వెటకారం అనుకుని ఆమె కుర్చీ లాక్కుంది.

ఇప్పుడు అతను గ్లాసు ఎత్తాడు. తాగలేదు. దించి, ఎడమ మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో ఒకసారి నొక్కుకుని మళ్ళీ కదలకుండా కూర్చున్నాడు.

నూకరత్నం చూపు ఆ వేలి మీద ఆగిపోయింది. అది ఆమె అలవాటు. ఆమె ఎడమ మోకాలు అరిగి నొప్పి పుడుతుండే రోజుల్లో, మాట ఆపుకోవాల్సి వచ్చినప్పుడల్లా అక్కడే నొక్కుకునేది. మోకీలు మార్పించుకున్నాక పేరిందేవి గొలుసంతా శుభ్రం చేసి ఆ నొప్పి ముద్రను తీసేసింది. అది ఇంకా మిగిలి ఉండగలిగేది ఒక్కచోటే. మోకీలు మారకముందు ఆమె పెట్టుకున్న పాత పట్టీలో.

దొరబాబు పొడుగాటి జుట్టు చెవుల మీదికి పడుతోంది. దాని కింద ఏముందో ఆమె అడగలేదు. తల తిరుగుతోందని చెప్పి బయటికి వచ్చింది.

లాకు వంతెన మీద నిలబడి వైర్‌లెస్‌లో రాజమండ్రిని పిలిచింది. పేరిందేవి పలికింది. దొరబాబు దగ్గర మన పట్టీ ఉందని నూకరత్నం చెప్పింది. ఆ పాత పట్టీ ఏం చేశావని పేరిందేవి అడిగింది.

నూకరత్నం గుర్తు చేసుకోబోయింది. ఇవ్వడం గుర్తుంది. చెవి వెనక నుంచి తీయడం, వెచ్చగా ఉన్న దాన్ని ఎవరి అరచేతిలోనో పెట్టడం. చెయ్యి గుర్తుంది, ముఖం లేదు. ఆ ఏడే ఇమ్మానుయేలు ఆమె దగ్గర శిష్యుడిగా చేరాడు. అతనికే అయ్యుండాలి. ఇంకెవరికిస్తుంది?

ఇమ్మానుయేలు లాంచీ అంచున కూర్చుని లాకు తలుపుల కిందనుంచి కారుతున్న నీళ్ళను చూస్తున్నాడు. అతని భార్య సువార్త రెల్లులంకలో నర్సు. రెండేళ్ళ కూతురు తల్లి దగ్గరే ఉంది. పొద్దుటినుంచి అతను ఆ మాట ఎత్తలేదు. అతని చెవి వెనకా పట్టీ ఉంది మరి.

నూకరత్నం సూటిగా అడిగింది. నా పాత పట్టీ దొరబాబుకు ఎందుకిచ్చావు?

"నాకు మీరెప్పుడిచ్చారక్కా?" అన్నాడు. "స్టోర్ నుంచి కొత్తది తీసి డాక్టరమ్మే అంటించారు గదా."

నీ భార్య అటువైపు ఉంది కాబట్టి ముందే వాడితో ఒప్పందం చేసుకున్నావని ఆమె అంది. గొంతులో కోపం లేదు. చేపల ధర చెప్పినట్టు చెప్పింది. అతని ఎదుటే వైర్‌లెస్ నొక్కి, పట్టీ అమ్మింది ఇమ్మానుయేలేనని, పోలీసు బోటు పంపమని చెప్పింది. సంస్థకు ద్రోహం చేస్తే జైలేనని ఇద్దరికీ తెలుసు. పట్టీ తీసి తన చేతిలో పెట్టమంది.

అతను గోరుతో పొర అంచు లేపి పీకేశాడు. ఒక్క నిమిషం ఏమీ కాలేదు. ఆపైన పట్టీ అణిచిపెట్టినదంతా ఒక్కసారి పైకొచ్చింది. లాంచీ గొలుసు పట్టుకుని నీళ్ళలోకి వాంతి చేసుకున్నాడు. మూతి తుడుచుకుని, కళ్ళెత్తకుండానే అడిగాడు.

"మూడో వంతే గదా అడిగాడు. ఎందుకివ్వలేదు?"

"అది ఎర. రెండో షరతు రావాలి."

"ఎవరు చెప్పారు?"

ఆమె చెవి వెనక తాకింది.

"ఆడికీ అదే చెప్తంది గదక్కా" అన్నాడు ఇమ్మానుయేలు. "ఇద్దరి చెవిలోనూ ఒకటే గొంతుంటే ఇంక నోరు విప్పేదెవరు? మీరిద్దరూ గెలిచేలోపు లంకలో మనిషి మిగలడు."

అతను లాకు గది మెట్లెక్కాడు. నూకరత్నం ఆగమని కేకేయలేదు. వెనకాలే నడిచింది. ఆపాలని లోపల ఎక్కడా అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు.

ఇమ్మానుయేలు కుర్చీ లాక్కోలేదు. ఆ గదిలో నేల మీద చతికిలబడి, బల్ల మీద నూకరత్నం వదిలేసిన చల్లారిన టీ అందుకుని మీగడతో సహా గటగటా తాగేశాడు. దొరబాబు కదలకుండా చూస్తున్నాడు.

"ఓడిపోయానండి" అన్నాడు ఇమ్మానుయేలు. "మూడో వంతు తీసుకోండి. సగం కావాలంటే సగం తీసుకోండి. మా ఆడమనిషి, నా పిల్ల ఆ లంకలో ఉన్నారు. బతికున్నారో లేదో తెలీదు. నా దగ్గర ఇంక ఎత్తుల్లేవు."

దొరబాబు చూపు కిటికీ మీదికి, తలుపు మీదికి, తన చేతుల మీదికి తిరిగింది. ఎదుటివాడు లొంగిపోతే ఏం చేయాలో అతని పట్టీలో లేదు. దాన్ని అచ్చువేసిన మనిషి ముందు ఎవరూ నేల మీద కూర్చోలేదు. చివరికి జుట్టు కిందికి చెయ్యి పోనిచ్చి, ముడతలు పడిన పాత పొరను లాగి బల్ల మీద పడేశాడు. మోకాలి మీంచి వేలు దానంతటదే లేచిపోయింది.

"సగం ఎందుకండీ" అన్నాడు. "మూడో వంతే గదండీ అడిగాం. పొద్దున్నించీ అదే గదా అడుగుతున్నాం."

గట్టు మీది ఆడవాళ్ళు బిందెలతో దిగారు. లాంచీ నుంచి గొట్టం వేశారు. ఒక ముసలామె ముందు దోసిలి పట్టి తాగి, తరువాత బిందె పెట్టింది. దొరబాబు మనుషులు ఇద్దరు చక్రం పట్టుకుని తిప్పుతుంటే తుప్పు రాల్చుకుంటూ తలుపులు మెల్లిగా విడిపడ్డాయి. ఇమ్మానుయేలు అప్పటికే లాంచీ ముందు భాగాన నిలబడి ఉన్నాడు. తన మీద కేసు ఉందన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

నూకరత్నం వంతెన మీద దొరబాబు పక్కనే ఉంది. చేతిలో వైర్‌లెస్ పలికింది. పోలీసు బోటు బయల్దేరిందని, దొంగ పేరు ఖాయమేనా అని పేరిందేవి అడుగుతోంది. తీసుకున్నవాడి నోటితోనే చెప్పిస్తానని నూకరత్నం అంది. వైర్‌లెస్‌ను దొరబాబు ముఖం ముందు పెట్టింది.

ఆ పట్టీ నీకు ఇచ్చింది ఎవరు?

దొరబాబు ఆమెను ఎగాదిగా చూశాడు. నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు.

"మీకు నిజంగా తెలీదా అండీ?"

"పేరు చెప్పు. అవతల వింటున్నారు."

అతను వంతెన కమ్మీ పట్టుకుని, అవతల వింటున్నవాళ్ళకు చెప్తున్నట్టు కాక ఆమెకే చెప్పాడు. ఆ వానాకాలం కూడా ఇలాగే లంకలో జబ్బు పడ్డారు. ఇలాగే లాంచీ కింద ఆగింది. వచ్చిన రాయబారి ఇదే బల్ల దగ్గర పొద్దు వాలేదాకా నోరు విప్పలేదు. మౌనానికి లాకులు తెరుచుకుంటాయని ఎవరన్నారో గానీ, తను మాత్రం దానికి తెరవలేదు. ప్రతిసారీ మీవాళ్ళు మాటల్లో నన్ను ఓడించి పోతున్నారు, నీళ్ళు వద్దు, బియ్యం వద్దు, చెవి వెనక ఉన్న పట్టీ ఇవ్వమని తనే అడిగాడు. అది ఇస్తే సంస్థలో ఎంత పరువు తక్కువో రాయబారికి తెలుసు.

"ఏడ్చారండి. చాలాసేపు ఏడ్చారు. లంకలో పిల్లలు పోతన్నారని ఏడ్చారు. ఆనక పీకి నా చేతిలో పెట్టారు. తలుపులు తీయించాను. ఆ ఏడు లంకలో జనం బతికారండి. అంత పెద్ద మనసు నేనైతే ఎక్కడా చూళ్ళేదు. అది మీ గొలుసులో లేదా?"

కింద లాంచీ కదిలింది. తలుపుల మధ్యనుంచి అవతలి కాలువలోకి జారుతోంది. నూకరత్నం నాలుక పన్ను ఊడిన చోటును వెతుకుతున్నట్టు నోట్లో తిరిగింది. ఏమీ తగల్లేదు. ఖాళీగా ఉన్న చెయ్యి ఎప్పుడు కిందికి పోయిందో ఆమెకు తెలియదు. నొప్పి లేని ఎడమ మోకాలి పక్కన బొటనవేలు గట్టిగా నొక్కుకుంటోంది.

వైర్‌లెస్‌లో పేరిందేవి గొంతు మళ్ళీ అడిగింది. పేరు?

దొరబాబు వంగి మైకు దగ్గర నోరు పెట్టాడు.

"నూకరత్నం గారండి."