సోదాకు ముందు సోదా

"అమ్మా! సంతకం పెట్టొద్దు!"

సుజన అరుపు మరమగ్గాల మోతలో కలిసిపోతోంది.

నగరిలో ఆ సందంతా మగ్గాలే. చీకటి పడినా ఒక్కటీ ఆగలేదు.

ఇంటికొచ్చి అమ్మను ఏదో కాగితం మీద సంతకం అడుగుతున్నారని కబురందింది. ఆమె పరుగెడుతోంది. ఒక కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక్కి చూసే టైం లేదు.

ఇంటి ముందు పోలీసు జీపు!

గడపలో అమ్మ వరదమ్మ. చేతిలో పెన్ను. ఎదురుగా ఎస్సై గజపతి.

"సోదా చేసుకునేదానికి నాకేం అభ్యంతరం లేదని రాసుండాది. అంతే పెద్దమ్మా. ఈడ పెట్టు సంతకం..."

సుజన దూసుకొచ్చి ఆ కాగితం లాగేస్తుంది.

పర్రున చించేస్తుంది!

"వారెంటు ఉండాదా సార్?"

గజపతి నవ్వుతాడు. "మీ ఇంట్లో గంజాయి ఉండాదంట. తప్పు చేయనోళ్లకి భయమెందుకు?"

గంజాయి!

సుజనకు అర్థమైపోయింది. తమ్ముడు ధనశేఖర్ కాలు స్టేషన్లో విరగ్గొట్టింది ఈ గజపతే. రేపు చిత్తూరు కోర్టులో ఆ సంగతి ఆమే చెప్పాలి. ఈలోగా ఇంట్లో పొట్లం దొరికితే... ఆమె సాక్షి కాదు, ముద్దాయి!

"సూసుకోని పోనీలేమ్మీ," అంటుంది వరదమ్మ. "మనింట్లో ఏముండాది?"

"ఏమీ లేదు కాబట్టే వద్దంటాండా!"

గజపతి బూటు గడప మీద పడింది. "నేను పోతా. ఎవరాపుతారో సూస్తా!"

సుజన రెండు చేతులూ తలుపుకు అడ్డం పెడుతుంది.

"మేము ఒప్పుకోలేదని ఆ వీడియోలో చెప్పి పోండి సార్!"

వెనక కానిస్టేబుళ్లు, సోదాకు సాక్షిగా తెచ్చిన పక్కింటాయన, లేడీ కానిస్టేబుల్ రూపశ్రీ. సోదా అంతా ఫోన్లో రికార్డు చేయడం రూపశ్రీ డ్యూటీ. ఫోన్ పట్టుకున్న చెయ్యి సన్నగా అదురుతోంది.

"ఇంకో మాట. పోయే ముందు మీ జేబులు సూపించాల. మీవి, మీవాళ్లవి, సాక్షులవి... అందరివీ!"

పక్కింట్లో మగ్గం ఆగింది. ఆ పక్కదీ ఆగింది. అరుగుల మీదికి జనం వచ్చేస్తున్నారు.

గజపతి పళ్లు కొరుకుతాడు. అంతలోనే... మళ్లీ అదే నవ్వు!

జేబులు బయటికి లాగి చూపిస్తాడు. కర్చీఫ్. తాళాలు. అంతే!

కానిస్టేబుళ్ల దగ్గరా ఏమీ లేదు.

సుజన మళ్లీ ఒక్కొక్కరినీ చూస్తుంది. తప్పుగా అనుకున్నానా?

"అయిందా? జరుగు!"

"సాక్షి మిగిలినాడు."

"ఆయన మీ పక్కింటోడే కదే!"

అవును... రంగరాజు మామ. ఆరోజు తమ్ముణ్ణి చేతుల మీద ఆసుపత్రికి మోసుకుపోయిన మనిషి. ఆయన్నెట్లా అడగడం?

కానీ ఆయన తలెత్తడం లేదు. ముఖమంతా చెమట.

"మామా..."

రంగరాజు చెయ్యి మెల్లగా పంచె మడతలోకి పోతుంది.

బయటికి వస్తుంది.

పొట్లం!

"లోపలికి పోయినాక మీ బియ్యం డబ్బాలో పడెయ్యమన్నాడు పాపా. లేకుంటే మా పిల్లోడు ముకుంద్ మీద కేసు పెడ్తానన్నాడు. నా చేత కాలేదమ్మా..."

గజపతి చేతిలో రివాల్వర్!

"ఇటియ్‌రా దాన్ని! రూపశ్రీ, వీడియో ఆపు!"

"ఆపను సార్!"

"ఏమే?"

రివాల్వర్ గిర్రున రూపశ్రీ వైపు తిరుగుతుంది. సుజన కదలబోయే లోపే ఎవరో ఆమెను తోసుకుని ముందుకు దూకారు...

వరదమ్మ!

జీవితమంతా మగ్గం లాగిన రెండు చేతులు గజపతి మణికట్టును పట్టి పైకెత్తాయి.

ఠాప్!

గుమ్మం పైన గార పెళ్లున రాలింది. రివాల్వర్ కింద పడింది. వీధిలో జనం ఒక్కసారిగా గజపతి మీద పడ్డారు.

వరదమ్మ రొప్పుతోంది. ఒంటి మీద గాయం లేదు. సుజన ఆమెను గట్టిగా కరుచుకుంటుంది.

రూపశ్రీ రివాల్వర్ తీసుకుంది. ఇప్పుడామె చెయ్యి అదరడం లేదు.

"పెద్దమ్మా, లోపలికి పోయి గడియేసుకోండి. కోర్టు కాగితం లేకుండా ఎవురొచ్చినా తియ్యొద్దు."

ఒక్క క్షణం ఆగింది.

"నేనొచ్చినా సరే!"